మూలన పడ్డ పాత చైన్‌సాకు మళ్ళీ ప్రాణం పోయడం ఎలా?

ఇంటి పెద్దాయన పోయాక పిల్లలు తలుపులు బార్లా తెరిచి చెంచాల నుంచి సోఫాల దాకా అమ్మేస్తారు. దాన్నే ఇక్కడ అమెరికాలో ఎస్టేట్ సేల్ అంటారు. డెట్రాయిట్ చుట్టుపక్కల ఉండే మనవాళ్ళం అలాంటి చోటికి వెళ్తే పింగాణీ ప్లేట్లు, పూలకుండీలు చూసి వచ్చేస్తాం. ఈసారి గరాజ్ మూలకు కూడా వెళ్ళండి. కింది అరలో నూనె జిడ్డూ రంపపు పొట్టూ కలిసి అట్టకట్టిన చైన్‌సా (ఇంజన్‌తో నడిచే పళ్ళచైను రంపం) ఒకటి కనిపించవచ్చు. దానికి ‘పనిచేయదు, 25 డాలర్లు’ అని చీటీ అంటించి ఉంటుంది.

‘పనిచేయదు’ అంటే చాలాసార్లు చచ్చిందని కాదు. ట్యాంకులో వదిలేసిన పెట్రోలు ఎండిపోయి, కార్బురేటర్ లోపలి రబ్బరు పొరలు బిగుసుకుపోయాయని అర్థం. పాత చేతక్‌ను పక్కకు వంచి కిక్కు కొట్టిన తరం మీదైతే సగం విద్య మీకు వచ్చినట్టే. ఇది కూడా టూ స్ట్రోక్ ఇంజనే. ప్లగ్గు, పాయింట్లు, పెట్రోల్లో కలిపే ఆయిలు, అన్నీ అవే. చక్రం బదులు చైను తిరుగుతుంది, అంతే తేడా.

మా వైపు కట్టెలకు కొదవ లేదు. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పచ్చటి పెంకుపురుగు 2002లో మొదట డెట్రాయిట్ దగ్గరే బయటపడింది. దాని పిల్లపురుగులు యాష్ చెట్ల బెరడు కింద తొలుచుకుంటూ పోయి, కోట్ల చెట్లను నిలువునా ఎండబెట్టాయి. గాలివానకు పడిన యాష్ దుంగలు పెరట్లో ఉన్నవాళ్ళకు ఒక మంచి చైన్‌సా అవసరమే. కొత్తది కొనుక్కోవచ్చు. పాతది బాగుచేసుకుంటే డబ్బు ఆదా అవుతుందని మాత్రం అనుకోకండి. నాకైతే పెద్దగా అవలేదు. ఏ భాగం ఏం చేస్తుందో వేళ్ళకు తెలిసింది.

ముందు ఏది కొనాలి

పేరు చూసి మురిసిపోకండి. మూడు చూడండి: సిలిండర్ బాగుందా, విడిభాగాలు దొరుకుతాయా, చైన్ బ్రేక్ (రంపం ఎగిరి మన మీదికి వస్తే చైనును ఆపేది) ఉందా.

1960ల నాటి హోమ్‌లైట్ ఎక్స్‌ఎల్-12 ఇక్కడి గరాజుల్లో తరచూ కనిపించే రంపం. ఇంజన్ 54 సీసీ. పేరులోని 12 దాని బరువు: బార్ (చైను చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ), చైను లేకుండా 12 పౌన్లు, అంటే ఐదున్నర కిలోల లోపే. ఒళ్ళంతా మెగ్నీషియం. అప్పట్లో అది చాలా తేలిక కింద లెక్క. జర్మనీ కంపెనీ స్టిల్ 1950లో తెచ్చిన ఒంటిమనిషి పెట్రోల్ రంపం 16 కిలోలు ఉండేది మరి. ఎక్స్‌ఎల్-12లో అంతా విప్పడానికి వీలుగా ఉంటుంది. నేర్చుకునేవాళ్ళకు ఇంతకంటే మంచి బడి లేదు. కానీ చైన్ బ్రేక్ లేదు, అదురును ఆపే రబ్బరు బుష్‌లు లేవు, బార్‌కు నూనె కూడా బొటనవేలితో బటన్ నొక్కి మనమే పంపాలి.

స్టిల్ 041 ఇంకో రకం. 61 సీసీ. నూనె దానంతటదే పంపుకుంటుంది. ఏవీ అని రాసి ఉన్న మోడల్‌కు పిడి దగ్గర రబ్బరు బుష్‌లు ఉంటాయి, గంట కోసినా వేళ్ళు తిమ్మిరెక్కవు. ఆ బుష్‌లు నలిగిపోయాయేమో పిడి పట్టుకుని ఊపి చూడండి. చైన్ బ్రేక్ కొన్ని 041లకే ఉంటుంది.

మెకల్లక్ 10-10 కూడా 54 సీసీయే, మొరటుగా ఉన్నా గట్టిది. ఆ కంపెనీ పెట్టిన రాబర్ట్ మెకల్లక్‌కు ఇంకో పిచ్చి ఉండేది. 1968లో లండన్ బ్రిడ్జిని కొనేసి, రాయి రాయీ విప్పించి అరిజోనా ఎడారికి తరలించాడు. 1971 నుంచి అది లేక్ హవాసు సిటీలో నిలబడి ఉంది. రంపాలమ్మిన డబ్బుతో వంతెన కొన్నవాడు ఇంకెవరూ ఉండరేమో.

మీకు నిజంగా పనికి రంపం కావాలంటే, సరదాకి కాదు అంటే, నా సలహా 1980ల హస్క్‌వర్నా 61 లాంటిది. దానికి చైన్ బ్రేక్ ఉంది, అదురు తక్కువ, సిలిండర్, పిస్టన్ కూడా ఇతర కంపెనీలు చేసినవి ఇప్పటికీ దొరుకుతాయి. హోమ్‌లైట్ పేరు చాలా చేతులు మారింది కాబట్టి పాతవాటి భాగాలకు ఎక్కువగా ఇంకో పాత రంపాన్నే విప్పుకోవాలి. అందుకే ఎక్స్‌ఎల్-12 కొంటే రెండు కొనండి అంటాను. మా ఇంట్లో ఈ సలహా ఎవరికీ నచ్చలేదు.

కొనే ముందు అక్కడికక్కడే చేయగలిగిన పరీక్ష ఒకటుంది. స్టార్టర్ తాడు పిడిని పట్టుకుని రంపాన్ని గాల్లోకి ఎత్తండి. కంప్రెషన్, అంటే సిలిండర్ లోపలి ఒత్తిడి, బాగుంటే రంపం ఆ తాడుకు వేలాడి, ఆగి ఆగి మెట్లు దిగినట్టు కిందికి జారుతుంది. ఒక్కసారిగా సర్రున జారిపోతే సిలిండర్ అరిగిందన్నమాట. వీలైతే మఫ్లర్ రెండు బోల్టులు విప్పి, ఎగ్జాస్ట్ రంధ్రంలోంచి టార్చి వేసి పిస్టన్ చూడండి. నున్నగా, మసకగా ఉంటే సరే. నిలువుగా గీతలు పడి ఉంటే వదిలేయండి, ధర ఎంత తక్కువైనా సరే.

ఇంటికి తెచ్చాక కంప్రెషన్ గేజి పెట్టి ఐదారుసార్లు తాడు లాగితే అంకె తెలుస్తుంది. 150 పీఎస్‌ఐ దగ్గర ఉంటే హాయి. 100 లోపు ఉంటే తాడు లాగి లాగి భుజం పోతుంది తప్ప పని జరగదు.

నిప్పు వస్తోందా

కంప్రెషన్ ఉందంటే తర్వాత చూడాల్సింది నిప్పు, ఆ తర్వాతే పెట్రోలు. ఈ వరస తప్పకండి. చాలామంది ముందే కార్బురేటర్ స్క్రూలు తిప్పి కూర్చుంటారు. అలా చేస్తే ఉన్న జబ్బుకు ఇంకోటి తోడవుతుంది.

ప్లగ్గు విప్పి, దాని లోహపు భాగం సిలిండర్ రెక్కలకు ఆనించి పెట్టండి. స్విచ్ ఆన్‌లో ఉండాలి. దగ్గర్లో పెట్రోలు డబ్బా ఉండకూడదు. గరాజ్ లైటు ఆపి తాడు లాగితే నీలిరంగు రవ్వ టప్పున ఎగరాలి. పసుపుగా, నీరసంగా వస్తే కొత్త ప్లగ్గు వేసి మళ్ళీ చూడండి. గ్యాప్ 0.6 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటే చాలు. అప్పటికీ రాకపోతే స్విచ్ వైరు విప్పేసి చూడండి. పాత రంపాల్లో స్విచ్చే తుప్పుపట్టి ఎర్తు అయిపోతుంది.

అదీ కాకపోతే పాయింట్లు, అంటే నిప్పురవ్వ కోసం కరెంటును కలిపి తెంచే బిళ్ళలు. ఎక్స్‌ఎల్-12లో అవి ఫ్లైవీల్ (క్రాంకుతో పాటు తిరిగే అయస్కాంతపు చక్రం) కింద దాక్కుని ఉంటాయి. ఫ్లైవీల్ నట్టు విప్పాలంటే క్రాంకు తిరగకుండా ఆపాలి. ఇందుకోసం ప్లగ్గు రంధ్రంలోంచి మెత్తటి నైలాన్ తాడు ఒక మూరెడు లోపలికి దూర్చండి. పిస్టన్ పైకి వచ్చి ఆ తాడు ఉండకు ఆగిపోతుంది. స్క్రూడ్రైవర్ దూర్చి ఆపే ప్రయత్నం చేయకండి, పిస్టన్ తలకు చిల్లు పడుతుంది. తాడు కొస మాత్రం బయట ఉంచుకోండి. నట్టు వదులైనా ఫ్లైవీల్ వెంటనే ఊడిరాదు. పుల్లర్ వాడండి. సుత్తితో కొడితే రెక్కలు అప్పడంలా విరుగుతాయి.

చిన్న డబ్బా మూత తీస్తే పాయింట్లు కనిపిస్తాయి: బియ్యపుగింజ కంటే కాస్త పెద్దవి రెండు బిళ్ళలు, ఒకదానికొకటి ఎదురుగా. చూడటానికి శుభ్రంగానే ఉంటాయి, కానీ ఏళ్ళ తరబడి వాడకపోతే వాటి మీద కంటికి కనపడనంత సన్నటి పొర కడుతుంది. కరెంటు దాన్ని దాటదు. సన్నటి గరుకు కాగితం చిన్న ముక్క మడిచి, ఆ రెండిటి మధ్య పెట్టి, పాయింట్లు మూసుకున్నప్పుడు మెల్లగా నాలుగుసార్లు లాగండి. తర్వాత మామూలు తెల్లకాగితం ముక్కను స్పిరిట్‌లో తడిపి అలాగే లాగండి. కాగితం మీద నల్లటి గీత పడుతుంది. మళ్ళీ కొత్త ముక్కతో లాగండి. గీత పడటం ఆగేదాకా లాగాలి. ఈ రెండో పని చేయనందుకే చాలామందికి ‘పాయింట్లు రుద్దాను, అయినా రాలేదు’ అనే పరిస్థితి. గరుకు కాగితపు పొడి అక్కడే ఉండిపోతుంది.

పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోట ఫీలర్ గేజి పెట్టి 0.015 అంగుళాలు, అంటే ఇంచుమించు 0.4 మిల్లీమీటర్లు ఉండేలా బిగించండి. ఫ్లైవీల్ తిరిగి పెట్టాక, దాని అయస్కాంతానికీ కాయిల్‌కూ మధ్య ఒక విజిటింగ్ కార్డు దూర్చి, కాయిల్‌ను దానికి ఆనించి స్క్రూలు బిగించి, కార్డు లాగేయండి. ఆ సందు సరిపోతుంది.

పెట్రోలు, కార్బురేటర్

నిప్పు బాగుండి, ప్లగ్గు రంధ్రంలో ఒక చెంచాడు పెట్రోలు మిశ్రమం పోసి లాగితే రంపం రెండు క్షణాలు గర్రుమని ఆగిపోయిందా? మంచి వార్త. లోపం కార్బురేటర్ దగ్గరో పైపు దగ్గరో ఉంది.

ముందు పైపు చూడండి. ట్యాంకులోంచి ఇనుప తీగ కొక్కెంతో బయటికి లాగితే సగం సార్లు బెల్లంపాకంలా చేతికి అంటుకుంటుంది, లేదంటే పుల్లలా విరుగుతుంది. ఇక్కడి బంకుల్లో పోసే పెట్రోల్లో మామూలుగా 10 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. అది పాత రబ్బరును తినేస్తుంది, గాల్లోని తేమనూ లాక్కుంటుంది. మన దేశంలోనూ ఇప్పుడు 20 శాతం ఇథనాల్ పెట్రోలు వచ్చింది కాబట్టి అక్కడ పాత టూ స్ట్రోక్ బండ్లున్నవాళ్ళకూ ఇదే గొడవ. పైపు, ట్యాంకులోని ఫిల్టర్ రెండూ మార్చేయండి. ఇక్కడ పిసినారితనం వద్దు. సన్నటి పగులున్న పైపునే సర్దుకుని వాడి నేను ఒక రంపం పిస్టన్ కాల్చేసుకున్నాను. పగుల్లోంచి గాలి చొరబడి, పెట్రోలు తక్కువై, ఇంజన్ మహా హుషారుగా కూతపెట్టింది. ‘ఆహా ఏం బలం’ అనుకున్నాను. రెండో దుంగ సగం కోసేసరికి కీచుమని ఆగింది. బలం కాదది, చావుకేక.

ఇక కార్బురేటర్. ఎక్స్‌ఎల్-12కు ఎక్కువగా టిల్లట్సన్ హెచ్‌ఎస్ రకం ఉంటుంది, దాని రబ్బరు పొరల కిట్‌ను ఆర్‌కే-23హెచ్‌ఎస్ అని అడగండి. కొనే ముందు మీ కార్బురేటర్ మీద చెక్కిన అక్షరాలు చూసుకోండి, వాల్‌బ్రో ఉంటే కిట్ వేరు. విప్పేటప్పుడు ఒక్కో పొర తీయగానే ఫోన్‌తో ఫొటో తీయండి. ఏది ముందు, ఏది వెనక అన్నది తర్వాత గుర్తుండదు.

పాత పొర వేలితో నొక్కితే సినిమా టికెట్ అట్టలా చిటపటలాడుతుంది. కొత్తది పాలమీగడలా మెత్తగా ఉంటుంది. తేడా చేతికి తెలిసిపోతుంది. స్క్రూలు రెండూ తీసి, రంధ్రాలన్నిట్లో కార్బ్ క్లీనర్ కొట్టండి. కళ్ళద్దాలు పెట్టుకోండి, ఎటు కొట్టినా ఇంకో రంధ్రంలోంచి కంట్లోకే వస్తుంది. సూదులతో, తీగలతో పొడవకండి. లోపల చిన్న లివర్ ఒకటి స్ప్రింగు మీద కూర్చుని ఉంటుంది. పెట్రోలును ఆపే కొత్త సూది పెట్టాక ఆ లివర్ కొన ఆ గది నేలతో సమంగా ఉండాలి. చిన్న స్కేలు అంచు అడ్డంగా పెట్టి చూస్తే ఎత్తుపల్లం తెలుస్తుంది. పైకి ఉంటే పెట్రోలు పొంగుతుంది, కిందికి ఉంటే ఆకలితో ఆగిపోతుంది.

పెట్రోల్లో ఆయిలు ఎంత కలపాలి అన్నదాని మీద పాత రంపాలవాళ్ళు కొట్టుకు చస్తారు. మూత మీద 16 పాళ్ళకు ఒక పాలు అని రాసి ఉండొచ్చు. అది మామూలు మోటార్ ఆయిలు కలిపే రోజుల లెక్క. ఇప్పటి మంచి టూ స్ట్రోక్ ఆయిలుతో, అంటే డబ్బా మీద జాసో ఎఫ్‌డీ అని ఉన్నదానితో, 32 పాళ్ళకు ఒకటి వేస్తున్నాను. లీటరు పెట్రోలుకు 31 మిల్లీలీటర్లు, గ్యాలనుకైతే 4 ఔన్సులు. పెట్రోలు మాత్రం ఇథనాల్ లేనిదే. హార్డ్‌వేర్ షాపుల్లో డబ్బాల్లో దొరుకుతుంది, ధర చూస్తే గుండె ఆగుతుంది. ఏడాదికి రెండు మూడు లీటర్లు వాడేవాళ్ళకు పర్వాలేదు.

చెవితో ట్యూనింగ్

హెచ్ (ఎక్కువ వేగానికి), ఎల్ (తక్కువ వేగానికి) అని రెండు స్క్రూలుంటాయి. రెండిటినీ మెల్లగా, ఆనేదాకా మాత్రమే బిగించి, ఒక్కో చుట్టు వదలండి. ఇది మొదలు మాత్రమే. ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేసి పెట్టండి. బార్, చైను తగిలించి, రంపాన్ని నేల మీద పెట్టి, కుడి బూటు ముందుభాగం వెనక పిడిలో దూర్చి, ఎడమచేత్తో ముందు పిడి నొక్కిపట్టి తాడు లాగండి. గాల్లో ఊపుతూ స్టార్ట్ చేసే వీడియోలు చూసి నేర్చుకోకండి.

రెండు నిమిషాలు వేడెక్కనిచ్చాక ఎల్ స్క్రూ అటూ ఇటూ తిప్పి, ట్రిగ్గర్ నొక్కగానే తడబడకుండా ఇంజన్ అందుకునే చోట ఆపండి. తర్వాత ఐడిల్ స్క్రూ: ట్రిగ్గర్ వదిలినప్పుడు చైను కదలకూడదు. పాకుతూ ఉంటే ఐడిల్ తగ్గించండి. తగ్గించినా పాకుతుంటే క్లచ్ స్ప్రింగులు పోయాయి. క్లచ్ విప్పేటప్పుడు మాత్రం గుర్తుంచుకోండి, చాలా రంపాల్లో దాని మర ఉల్టా ఉంటుంది, మీద బాణం గుర్తు కోసం వెతకండి.

హెచ్ స్క్రూ దగ్గరే కిటుకు. ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి వినండి. శబ్దం సాఫీగా ‘ఈఈఈ’ అని పోతుంటే పెట్రోలు తక్కువ అందుతోంది, వెంటనే స్క్రూ కాస్త వదలండి. ‘ఈఈఈ’ మధ్యలో బుడబుడమని గొంతు బొంగురు పోవాలి. ఇప్పుడు దుంగలో దించండి. భారం పడగానే ఆ బొంగురు పోయి గొంతు సాఫీ అవ్వాలి, పైకి తీయగానే మళ్ళీ బుడబుడమనాలి. అలా ఉంటే చాలు, ఇంక స్క్రూడ్రైవర్ జేబులో పెట్టేయండి. ఇంకొంచెం బలం వస్తుందేమోనని పావు చుట్టు బిగించే చెయ్యే పిస్టన్‌ను కాలుస్తుంది.

చైను, బార్

1946లో ఆరెగన్ రాష్ట్రపు కట్టెకోత మనిషి జోసెఫ్ కాక్స్ ఒక దుంగను తొలుస్తున్న పిల్లపురుగును గమనించాడు. అది కొడవలి లాంటి దవడలతో అటొకసారి ఇటొకసారి చెక్కుకుంటూ పోతోంది. ఆ చూపులోంచి పుట్టిన చైనే, ఎడమ పన్ను, కుడి పన్ను మారి మారి ఉండే ఇప్పటి చైను. మా చెట్లను చంపింది పురుగే, కోత నేర్పిందీ పురుగే.

చైను కొనడానికి మూడు లెక్కలు కావాలి: పిచ్, గేజి, కింది లింకుల సంఖ్య. వరసగా ఉన్న మూడు రివెట్ల మధ్య దూరం కొలిచి రెండుతో భాగిస్తే పిచ్ వస్తుంది. ఈ సైజు రంపాల్లో ఎక్కువగా 3/8 అంగుళం. గేజి అంటే బార్ గాడిలో దూరే లింకు మందం. ఎదురుదెబ్బ (రంపం మన మీదికి ఎగరడం) తక్కువ ఉండే రకం చైనే అడగండి.

పదును పెట్టడానికి గుండ్రటి ఆకురాయి కావాలి. 3/8 చైనుకు 7/32 అంగుళాలది, 0.325 చైనుకు 3/16ది. పంటి లోపలి వైపు నుంచి బయటికి, 30 డిగ్రీల వాలులో, తోసేటప్పుడు మాత్రమే రుద్దండి. వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయండి. ఒక్కో పంటికి అన్నే తోపులు. అన్నిటికంటే పొట్టి పన్ను ఏదో చూసి మిగతావాటిని దాని పొడవుకు తేవాలి. లేకపోతే రంపం వంకర కోస్తుంది. ఐదారుసార్లకు ఒకసారి పంటి ముందున్న మెట్టును గేజి పెట్టి బల్లపరుపు ఆకురాయితో తగ్గించండి. పన్ను కంటే అది 0.025 అంగుళాలు కిందుండాలి. రాలే పొట్టు చూస్తే పదును తెలుస్తుంది. రేకులు రేకులుగా పడితే బాగుంది. పిండిలా పడితే ఆపి ఆకురాయి తీయండి, నొక్కి కోయకండి.

కోసేటప్పుడు

మా తాతల ఊళ్ళో ఇద్దరు లాగే రంపంతో మొద్దులు కోసేవారు. దానికి ఒళ్ళు హూనమయ్యేది, కానీ అది ఎగిరి ముఖం మీదికి రాదు. ఇది వస్తుంది. బార్ కొస పైభాగం దేనికైనా తగిలితే, రెప్పపాటు కంటే ముందే రంపం మీ వైపు లేస్తుంది. కొత్త రంపమైతే చైన్ బ్రేక్ ఆపుతుంది. మీ చేతిలో ఉన్న 1960ల రంపానికి అది లేదు.

కాబట్టి నా నియమం ఇది: బ్రేక్ లేని రంపంతో నేల మీద పడున్న దుంగలను ముక్కలు చేయడమే. నిలబడ్డ చెట్టు వద్దు, నిచ్చెన ఎక్కడం అసలే వద్దు, భుజం ఎత్తు దాటి కోయడం వద్దు. పురుగు తిన్న యాష్ అయితే మరీ ప్రమాదం. లోపల పెళుసెక్కి, కింద రంపం అదురుకే పైకొమ్మ విరిగి నెత్తిన పడుతుంది. దాన్ని పడగొట్టే పని తెలిసినవాళ్ళకు డబ్బిచ్చి చేయించండి.

కాళ్ళకు చాప్స్ (ప్యాంటు మీద తొడిగే రక్షణ తొడుగు) కట్టుకోండి. చైను తగిలితే అందులోని దారాలు పీచులా బయటికొచ్చి స్ప్రాకెట్‌కు చుట్టుకుని ఆపేస్తాయి. చెవులకు మఫ్స్, కళ్ళకు అద్దాలు, గట్టి బూట్లు. ఎడమ బొటనవేలు ముందు పిడి కిందుగా చుట్టి ఉండాలి. మీరు బార్‌కు కాస్త పక్కగా నిలబడాలి. ఎక్స్‌ఎల్-12 అయితే కోస్తూ కొన్ని సెకన్లకొకసారి నూనె బటన్ నొక్కడం మరవకండి. రబ్బరు బుష్‌లు లేని రంపాన్ని పదిహేను నిమిషాలకొకసారి కింద పెట్టండి. చలికాలంలో ఆ అదురు ఏళ్ళ తరబడి తగిలితే వేళ్ళు తెల్లబడి స్పర్శ పోయే జబ్బు వస్తుంది.

పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లో మిగిలింది అయిపోయి ఇంజన్ దానంతటది ఆగేదాకా నడవనివ్వండి. చైను టెన్షన్ తగ్గించండి. వేడి మీద బిగించి వదిలితే చల్లారి బిగుసుకుని క్రాంకును దెబ్బతీస్తుంది. చివరగా తాడును మెల్లగా లాగి, గట్టిగా తగిలిన చోట వదిలేయండి. పిస్టన్ పైకొచ్చి రంధ్రాలు మూసుకుంటాయి, తేమ లోపలికి పోదు. మా గరాజ్‌లో రెండో ఎక్స్‌ఎల్-12 అలాగే, ప్లగ్గు వైరు తీసి, పై అరలో ఉంటుంది.